పాత తెరచాప పడవకు బూమ్ ఆధారం: కాకినాడలో చేయించిన పనిపై సమీక్ష

కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరు గట్టున వేటపడవలకు మరమ్మతులు చేసే ఒక చిన్న వర్క్‌షాపులో మా పాత తెరచాప పడవ బూమ్‌కు ఆధారంగా ఉండే తాళ్ళు, కప్పీలు, బిగింపులు మొత్తం కొత్తగా అమర్పించుకున్నాను. వేసవి గాలులూ ఆ తరువాత తుఫానుల కాలమూ ఆ అమరికను పరీక్షించాక ఈ సమీక్ష రాస్తున్నాను. పేరూ ఫోను నంబరూ బయట పెట్టవద్దని మేస్త్రీగారు కోరినందువల్ల అవి ఇవ్వడం లేదు. గట్టు మీద పడవల పని చేసేవారిని అడిగితే దారి చూపిస్తారు. వారి పనితనం బాగుంది, పనికి ముందు వారు ఇచ్చిన సలహా ఇంకా బాగుంది, చెప్పిన గడువు మాత్రం నిలబడలేదు. ఈ మూడింటిలో సలహా గురించే ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే గోదావరి డెల్టాలో పాత పడవను నడిపేవారికి డబ్బు మిగిల్చేదీ, కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవారు కూర్చునే గుంతలో, ఉన్నవారి తలలను కాపాడేదీ అదే.

తెరచాప కింది అంచును పట్టి ఉంచే అడ్డుదూలాన్ని బూమ్ అంటారు. దాని ముందు కొస గూస్‌నెక్ అనే కీలుతో మాస్ట్‌కు, అంటే తెరచాప నిలువు కంబానికి, తగిలి ఉంటుంది, వెనుక కొస కాక్‌పిట్ మీదుగా అటూ ఇటూ ఊగుతుంది. తెరచాప ఎత్తి ఉన్నంతసేపు బూమ్ బరువును ఆ గుడ్డే మోస్తుంది. తెరచాపను దించినప్పుడు, లేదా గాలి ముదిరి దాన్ని కుదించవలసి వచ్చినప్పుడు, ఆ బరువును మోయడానికి వేరే ఆధారం కావాలి. అది లేకపోతే బూమ్ డెక్కు మీదనో మనిషి మీదనో పడుతుంది. ఆధారం ఇచ్చే పద్ధతులు ముఖ్యంగా మూడు. మాస్ట్ చివరి నుంచి బూమ్ వెనుక కొసకు దిగే తాడు టాపింగ్ లిఫ్ట్. మాస్ట్ అడుగు నుంచి ఏటవాలుగా బూమ్ కిందికి వచ్చి, గ్యాస్ స్ప్రింగుతోనో ఉక్కు స్ప్రింగుతోనో వంగే గ్లాస్ ఫైబర్ కడ్డీలతోనో దాన్ని పైకి నెట్టి ఉంచేది గట్టి వాంగ్. రాడ్ కికర్ అనే పేరు కూడా దీనికి ఉంది. పడవ నిలిపి ఉన్నప్పుడు బూమ్ కింద నిలబెట్టే పంగల కర్ర మూడోది. కొత్త పడవల్లో గట్టి వాంగ్ దాదాపు మామూలైపోయింది, పాత పడవల వాళ్ళు కూడా దాన్నే కోరుకుంటున్నారు. నేను ఈ వర్క్‌షాపుకు వెళ్ళేసరికి గ్యాస్ స్ప్రింగు కడ్డీ ధరలు, కొలతలు చేతిలో పెట్టుకునే వెళ్ళాను.

మాది వెస్టర్లీ సెంటార్. 1969 నుంచి 1980 వరకు ఇంగ్లండులో రెండు వేలకు పైగా తయారైన 26 అడుగుల ఫైబర్ గ్లాస్ పడవ అది. అడుగున నీటిలోకి దిగే రెక్క లాంటి కీల్ ఒకటే లోతుగా ఉండకుండా పక్కపక్కన రెండు కీల్‌లు ఉండడం వల్ల మూడు అడుగుల నీరు ఉంటే తేలుతుంది, పాటు తీసి నీరు వెళ్ళిపోతే బురద మీద నిటారుగా కూర్చుంటుంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉన్న కాకినాడ అఖాతంలో, కోరింగ మడ అడవుల వైపు, గౌతమి సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు ఏటేటా చోటు మార్చుకునే మన తీరంలో ఇంతకన్నా తగిన పడవ దొరకదని నా అభిప్రాయం.

పడవ తగినదే అయినా దాని బూమ్ పాత కాలపుది. ఆ రోజుల్లో తెరచాపను కుదించాలంటే బూమ్‌నే తిప్పి, చాప చుట్టినట్టు గుడ్డను దాని చుట్టూ చుట్టేవారు. బూమ్ మొత్తం తిరగాలి కాబట్టి దాని మధ్యలో ఏ బిగింపూ పెట్టేవారు కాదు. బూమ్ ఊగుడును అదుపు చేసే మెయిన్‌షీట్ తాడు అయినా టాపింగ్ లిఫ్ట్ అయినా వెనుక కొసన, బూమ్ తిరిగినా తాను తిరగని ఒక బిగింపుకే తగిలించేవారు. అందువల్ల వాంగ్ తగిలించవలసిన చోట మా బూమ్ ఒట్టి పలుచని అల్యూమినియం గొట్టమే. పైగా మా గూస్‌నెక్ ఒకచోట స్థిరంగా ఉండేది కాదు, మాస్ట్ మీది పట్టా వెంట పైకీ కిందికీ జరిగేది. ఈ రెండు సంగతులూ గట్టి వాంగ్ అమ్మేవారి ప్రకటనల్లో కనపడవు, పాత పడవల్లో మాత్రం తరచుగా కనపడతాయి.

ఈ వర్క్‌షాపు వారికి తెరచాప పడవలు కొత్త, తాళ్ళ మీద వేలాడే బరువులు కొత్త కాదు. కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడలు దూరాన లంగరు వేసి ఉంటే బార్జీల మీద సరుకు చేరవేసి, ఓడ మీది యంత్రాలతోనే పైకి ఎత్తే పద్ధతి ఉన్నది. ఓడ మీద సరుకు ఎత్తే దూలమైన డెరిక్ కొసను పైకి పట్టి ఉంచే తాడును కూడా టాపింగ్ లిఫ్ట్ అనే అంటారు. మేస్త్రీగారు వయసులో ఉండగా ఆ డెరిక్‌ల పని చేసినవారు కాబట్టి నేను చెప్పవలసినది పెద్దగా లేకపోయింది. "తాళ్ళ సంగతి తరవాత చూద్దామండి, ముందు బూమ్ దింపించండి" అన్నారు. ఆ మాటతోనే వారి మీద నాకు గురి కుదిరింది. సరుకు అమ్ముకోవాలని చూసేవారు ముందు కొత్త సామాను చూపిస్తారు. పని తెలిసినవారు పాత సామాను చూస్తారు.

బూమ్ దింపి చూస్తే వెనుక కొసన తిరగవలసిన బిగింపు ఉప్పు పేరుకుపోయి కదలడం లేదు. పాత టాపింగ్ లిఫ్ట్ ప్లాస్టిక్ తొడుగు వేసిన స్టెయిన్‌లెస్ తీగ. బయటికి తెల్లగా, నున్నగా, ఆరోగ్యంగా కనిపించింది. మేస్త్రీగారు కత్తితో తొడుగు చీరితే లోపల గోధుమరంగు పొడి రాలింది, కొసన నొక్కి బిగించిన చోట కొన్ని పోగులు అప్పటికే తెగి ఉన్నాయి. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పు పట్టకుండా ఉండేది దాని మీద ఏర్పడే పలుచని పొర వల్ల, ఆ పొర నిలబడడానికి గాలిలోని ఆక్సిజన్ అందుతుండాలి. తొడుగు లోపల ఉప్పునీరు చేరి గాలి ఆడకపోతే ఆ ఉక్కే లోలోపల తినేసుకుపోతుంది. తెరచాప గుడ్డకు రాపిడి తగలకూడదని వేసిన తొడుగు, తీగ ఎప్పుడు తెగుతుందో తెలియనివ్వకుండా కప్పిపెట్టింది. పాత పడవ కొన్నవారు ఎవరైనా సరే, ఇలాంటి తొడుగు తీగ కనిపిస్తే దాన్ని పరీక్షించే శ్రమ కూడా లేకుండా తీసి పారవేయాలని గట్టిగా చెబుతాను.

మరొక పాత అమరికను కూడా వారు ఒప్పించి తీయించారు. పడవ వెనుక నుంచి మాస్ట్ చివరికి పోయే బ్యాక్‌స్టే తీగకు చిన్న కొక్కెం కట్టి, పడవ నిలిపినప్పుడు బూమ్ కొసను దానికి తగిలించడం చాలా పాత పడవల్లో ఉన్న అలవాటు. ఆ కొక్కెం తీయడం మరచి తెరచాప ఎత్తితే బూమ్ పడవ మధ్యలోనే బంధించబడి ఉంటుంది, గాలి ఒక్కసారిగా విసిరినప్పుడు తెరచాపను వదులు చేసి గాలిని జారవిడిచే దారి ఉండదు, పడవ పక్కకు ఒరిగిపోతుంది.

ఇక గట్టి వాంగ్ గురించి. వారు నా కాగితాలు చూసి కాదనలేదు, స్ప్రింగు త్రాసు తెచ్చారు. బూమ్‌నూ దానిపై మడిచి కట్టిన తెరచాపనూ కలిపి తూచితే సుమారు 21 కిలోలు తూగింది. బూమ్ పొడవు సుమారు 3 మీటర్లు, కాబట్టి బరువు మధ్యలో, అంటే గూస్‌నెక్‌కు మీటరున్నర దూరంలో ఉన్నట్టు లెక్క. ఆ బరువును వెనుక కొసన పట్టుకుంటే సగమే, అంటే పదిన్నర కిలోలే చేతికి వస్తాయి. మాస్ట్ చివర బూమ్‌కు దాదాపు 8 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి టాపింగ్ లిఫ్ట్ కొద్దిగా మాత్రమే వాలి ఉంటుంది, దానిలోని లాగుడు 11 కిలోలకు కొంచెం మించుతుంది. అదే బరువును వాంగ్ మోయాలంటే అది బూమ్‌ను తాకేది గూస్‌నెక్ నుంచి 90 సెంటీమీటర్ల దగ్గరే. అక్కడ నిలువుగా 35 కిలోల బలం కావాలి. కడ్డీ 45 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి దానిలోని నెట్టుడు దాదాపు 50 కిలోలకు చేరుతుంది. తాడు 11 కిలోలతో చేసే పనిని కడ్డీ 50 కిలోలతో చేయాలి.

ఇది పడవ కదలకుండా ఉన్నప్పటి లెక్క. పడవ ఒరిగినప్పుడు తూలిన మనిషి బూమ్ కొసను పట్టుకుని వేలాడడం మామూలుగా జరిగేదే. 70 కిలోల మనిషి అలా తన భారమంతా వేస్తే టాపింగ్ లిఫ్ట్ మీద అదనంగా పడేది 75 కిలోలు. ఎనిమిది మిల్లీమీటర్ల మంచి పాలియెస్టర్ తాడుకు అది లెక్కలోనిది కాదు. వాంగ్ అయితే 330 కిలోల నెట్టుడును బూమ్ గొట్టంలోని ఒక చిన్న చోట మోపుతుంది. మామూలు స్ప్రింగు కడ్డీ అంతకు ముందే కుదించుకుపోయి చివరి హద్దుకు చేరి ఆగుతుంది, ఆ తరువాతి దెబ్బ గొట్టానికీ రివెట్లకే. నలభై ఏళ్ళు ఎండకూ ఉప్పుకూ ఆగిన పలుచని గొట్టం ఆ చోట నొక్కుకుపోతే బూమ్ అక్కడే విరుగుతుంది.

గూస్‌నెక్ విషయం ఇంకా ముఖ్యం. 21 కిలోల బూమ్‌ను వాంగ్ ఒకచోట 35 కిలోల బలంతో పైకి నెడుతుంటే, మిగిలిన 14 కిలోల బలంతో గూస్‌నెక్ బూమ్ ముందు కొసను కిందికి పట్టి ఉంచాలి. పట్టా మీద జరిగే గూస్‌నెక్ ఆ పని చేయలేదు. తెరచాప దించగానే అది పట్టా వెంట పైకి జారుతుంది. అంతేకాక కడ్డీ ఏటవాలుగా నెడుతుంది కాబట్టి మరో 35 కిలోల బలం బూమ్‌ను మాస్ట్ నుంచి వెనక్కి లాగుతూ ఉంటుంది, ఆ లాగుడంతా కీలులోని అరిగిన పిన్ను మీద పడుతుంది. ఆ గూస్‌నెక్‌ను కదలకుండా బోల్టులతో బిగించి, బూమ్‌కు లోపల అదనపు పలక వేసి, ఆ పైన కడ్డీ అమర్చవచ్చు. చేయగలమనే వారు చెప్పారు. కానీ గ్యాస్ స్ప్రింగు సీలు ఇసుకకూ ఉప్పుకూ పాడైతే కొత్త స్ప్రింగు కాకినాడలో కాదు, విశాఖపట్నంలో కూడా వెతకకుండా దొరకదు. తాడు పాడైతే సాయంత్రానికి మార్చుకోవచ్చు.

స్థిరమైన గూస్‌నెక్, దళసరి బూమ్, వాంగ్ కోసం ముందే ఏర్పాటు చేసిన బిగింపులు ఉన్న పడవకు గట్టి వాంగ్ చాలా మంచిదని ఇక్కడే ఒప్పుకోవాలి. అది తెరచాప వెనుక అంచును రాపిడి పెట్టదు, తెరచాపను ఎత్తే తాడైన హాల్యార్డ్‌ను ఎప్పుడు వదిలినా బూమ్ తనంతట తానే నిలబడుతుంది, బిగించడం వదలడం గుర్తు పెట్టుకునే పని లేదు. నా మాట పాత పడవ వరకే. అక్కడ పైనుంచి పట్టే తాడుకే మొదటి స్థానం ఇవ్వాలి. కింది నుంచి మోసే కడ్డీ ఆలోచన ఆ బూమ్, ఆ గూస్‌నెక్ ఆ భారానికి ఆగుతాయని తేలాకే రావాలి.

అలా టాపింగ్ లిఫ్ట్ ఖాయమయ్యాక దాని అమరికలో వారు చూపిన శ్రద్ధ ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. సెంటార్ మాస్ట్ డెక్కు మీదనే నిలబడుతుంది కాబట్టి దించడం కష్టం కాలేదు. తాడును మాస్ట్ చివర కట్టివేసి బూమ్ కొసన చిన్న కప్పీలతో సర్దుకునే పద్ధతి చవకైనది, కానీ బూమ్ బయటికి వాలి ఉన్నప్పుడు ఆ కొస చేతికి అందదు. వీరు మాస్ట్ చివర వెనుక వైపున తిరిగే కప్పీ ఒకటి వేలాడదీసి, తాడును దానిగుండా మాస్ట్ అడుగుకు దించి హాల్యార్డ్ పక్కనే, తాడు చుట్టి బిగించే ఒక క్లీటుకు కట్టేలా చేశారు. దీనివల్ల రెండు లాభాలున్నాయి. తెరచాప కుదించేటప్పుడు మనిషి నిలబడేది మాస్ట్ దగ్గరే కాబట్టి కావలసిన తాళ్ళన్నీ ఒకేచోట ఉంటాయి. సముద్రం మీద ఉండగా మెయిన్ హాల్యార్డ్ తెగితే ఈ తాడునే బూమ్ కొస నుంచి విప్పి హాల్యార్డ్‌గా వాడుకోవచ్చు. ఈ రెండో లాభం కోసమే తాడును అవసరమైన దానికన్నా లావుగా, 8 మిల్లీమీటర్లది తీసుకోమన్నారు.

తాడు ఎంపిక గురించి మన ప్రాంతపు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. కాకినాడలోనూ యానాంలోనూ వేట సామాను దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి నైలాన్, పాలీప్రొపిలీన్ తాళ్ళు. నైలాన్ సాగుతుంది, లంగరు తాడుకు ఆ సాగుడే గుణం, టాపింగ్ లిఫ్ట్‌కు అదే దోషం, ఎందుకంటే రాత్రి తడిసి సాగిన తాడుతో తెల్లవారేసరికి బూమ్ కిందికి దిగి ఉంటుంది. పాలీప్రొపిలీన్ నీటి మీద తేలుతుంది, చవక, కానీ ఎండకు తొందరగా పెళుసెక్కి పోగులు పోగులుగా రాలుతుంది. ఏడాది పొడవునా ఎండలో నిలువుగా ఉండవలసిన తాడుకు అది అసలే పనికిరాదు. లోపల ఒక అల్లిక, పైన మరొక అల్లిక ఉన్న పాలియెస్టర్ తాడు కావాలి. వర్క్‌షాపు వారు దాన్ని చెన్నై నుంచి తెప్పించారు. కొసను ముడి వేయకుండా, లోహపు వలయం చుట్టూ తిప్పి తాడులోకే అల్లి, పైన మైనపు దారంతో గట్టిగా చుట్టారు. ముడి వేస్తే తాడు తన బలంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది, అల్లితే దాదాపు అంతా నిలుస్తుంది. ఆ అల్లిక వేసిన కుర్రవాడి చేతి నేర్పు చూడదగినది.

తెరచాప ఎత్తాక టాపింగ్ లిఫ్ట్ వదులుగా ఉండాలి, లేకపోతే బూమ్‌ను అదే పైకి పట్టి ఉంచి తెరచాప ఆకారాన్ని చెడగొడుతుంది. వదులైన తాడు గాలికి ఊగుతూ గుడ్డ వెనుక అంచును కొడుతూ ఉంటే కుట్లు తెగిపోతాయి. ఈ చిక్కుకు ఎప్పటినుంచో ఉన్న మందు, తాడు కింది భాగంలో మీటరు మేర రబ్బరు తాడు ఒకటి కలిపి కట్టడం. తాడు వదులైనప్పుడు రబ్బరు ముడుచుకుని ఆ వదులును దగ్గరికి లాగుతుంది. బిగించినప్పుడు రబ్బరు సాగి, భారమంతా అసలు తాడు మీదకే వస్తుంది. ఇది వారికి తెలియని విషయం, నేను గీసి చూపిస్తే వెంటనే చేసి ఇచ్చారు. మన ఎండకు రబ్బరు ఎక్కువ కాలం ఆగదు, ఏటా మార్చాలి. కుట్ల మీద ఇప్పటివరకు రాపిడి గుర్తులు లేవు.

బూమ్‌ను కిందికి లాగి పట్టడానికి వాంగ్ మాత్రం కావాలి, లేకపోతే గాలి వెనుక నుంచి వచ్చినప్పుడు బూమ్ పైకి లేచి తెరచాప పైభాగం మెలి తిరుగుతుంది. దానికి నాలుగింతల లాగుడు వచ్చే కప్పీల జత, ఒక తాడు చాలు. అది లాగుతుందే తప్ప నెట్టదు కాబట్టి పైన చెప్పిన గూస్‌నెక్ చిక్కు రాదు. తెరచాపను బూమ్ చుట్టూ చుట్టే పద్ధతిని మానివేసి, వరుస కంతలకు తాళ్ళు వేసి మడిచే పద్ధతికి మార్చుకున్నాం కాబట్టి ఇప్పుడు బూమ్ తిరగవలసిన పని లేదు, దాన్ని పిన్నుతో స్థిరపరిచారు. బూమ్ అడుగున బిగించిన స్టెయిన్‌లెస్ కొక్కేనికీ అల్యూమినియానికీ మధ్య జింక్ క్రోమేట్ పేస్టు రాశారు. ఉప్పు తేమలో ఈ రెండు లోహాలు నేరుగా తాకితే అల్యూమినియం తెల్లటి పొడిగా తినేసుకుపోతుంది. కాకినాడ గాలిలో ఆ పేస్టు లేకుండా ఒక్క రివెట్టు కూడా వేయించవద్దు.

లేజీ జాక్స్ కూడా వేశారు. మాస్ట్ మధ్య నుంచి బూమ్ రెండు పక్కలకూ దిగే ఈ సన్నని తాళ్ళు దిగుతున్న తెరచాపను బూమ్ మీదనే పోగవుతుండగా పట్టుకుంటాయి. ఒంటరిగా పడవ నడిపేవారికి సుఖం. తెరచాప ఎత్తేటప్పుడు వాటిని ముందుకు లాగి మాస్ట్‌కు చేర్చకపోతే గుడ్డను చాచి ఉంచేందుకు దానిలో దూర్చిన కర్రలు చిక్కుకుంటాయి. బూమ్ భారాన్ని వీటి మీద వేయకూడదు.

పంగల కర్రను మాత్రం తాళ్ళరేవు వడ్రంగుల చేత చేయించుకోమని వారే పంపించారు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతం పద్ధెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో ఓడల నిర్మాణానికి పేరుపొందినది. 1839 తుఫాను కోరంగిని ముంచివేసినా చెక్క పడవలు కట్టే చేతులు ఆ పక్కన ఇంకా మిగిలాయి. బూమ్ ఒదిగే చోట తోలు కొట్టిన టేకు కర్ర తయారైంది. పడవ రేవులో ఉన్నంతకాలం బూమ్‌ను దాని మీద కూర్చోబెట్టి మెయిన్‌షీట్‌తో బిగిస్తే, టాపింగ్ లిఫ్ట్‌కు విశ్రాంతి దొరుకుతుంది, అలలకు బూమ్ ఊగి కీలు అరగడం ఆగుతుంది. చవకైన, పాడవని, ఎవరికీ గుర్తు రాని సామాను ఇది. నన్నడిగితే ఖర్చు పెట్టవలసిన మొదటి వస్తువు ఇదే.

వాడకంలో అమరిక బాగా నిలబడింది. ఎండాకాలపు మధ్యాహ్నాలు సముద్రం నుంచి వచ్చే గాలి అఖాతంలో చూస్తుండగానే ముదురుతుంది, అప్పుడు తెరచాప కుదించే పని తడబాటు లేకుండా జరగాలి. ముందు మెయిన్‌షీటూ వాంగూ వదలడం, తరువాత టాపింగ్ లిఫ్ట్ బిగించడం, హాల్యార్డ్ కొంత దించి ముందు కంతను కొక్కేనికి తగిలించడం, హాల్యార్డ్ మళ్ళీ బిగించి వెనుక కంత తాడు లాగడం, చివరగా టాపింగ్ లిఫ్ట్ వదలడం: ఈ వరుస తప్పనంతవరకు బూమ్ ఒక్కసారి కూడా తల ఎత్తుకు దిగలేదు. వాంగ్ వదలకుండా టాపింగ్ లిఫ్ట్ లాగితే తాళ్ళు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి, కాబట్టి రెండు క్లీట్లకూ రంగు గుర్తులు పెట్టుకోవడం మంచిది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు తెరచాపనూ బూమ్‌నూ పూర్తిగా దించి లోపల కట్టివేశాం. 1996 నవంబరు తుఫానును చూసిన మనుషులు ఆ గట్టు మీద ఇంకా ఉన్నారు, ఆ విషయంలో వారిది మారు మాట లేని సలహా.

లోపాలు చెప్పాలి. గడువు గురించి ముందే అన్నాను. చెప్పిన నాటికి పని సగం కూడా కాలేదు, అడిగితే "రేపు చూసేద్దామండి" అన్న సమాధానమే వచ్చింది. దీనికి కారణం లేకపోలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటకు నిషేధం, జిల్లాలోని బోట్లన్నీ మరమ్మతులకు గట్టెక్కేది ఆ రోజుల్లోనే. ఆ హడావుడిలో తెరచాప పడవ వెనుక వరుసలోకి పోతుంది. రెండో లోపం, లెక్కను కాగితం మీద రాసి ఇవ్వలేదు. అడిగి రాయించుకోవలసి వచ్చింది. మూడోది కొంచెం పెద్దది. బయటి దుకాణం నుంచి తెచ్చిన షాకిళ్ళలో, అంటే పిన్నుతో మూసే లోహపు కొలికీలలో, కొన్ని 316 రకం స్టెయిన్‌లెస్ అని చెప్పి ఇచ్చినవే అయినా వానలు పడకముందే ఎర్రటి మరకలు తేలాయి. 304, 316 రకాల తేడాను అయస్కాంతంతో పట్టుకోలేము, రెండూ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. ఉప్పు గాలిలో కొంతకాలం ఉంచాకే తెలుస్తుంది. మేస్త్రీగారు మాట మాట్లాడకుండా వాటిని తమ ఖర్చుతో మార్చారు. మాస్ట్ చివరకు పోయే షాకిల్‌ను మాత్రం తయారీదారు ముద్ర ఉన్నది మనమే కొని తీసుకువెళ్ళడం మేలు. పిన్ను విప్పుకుపోకుండా సన్నని తీగతో కట్టించుకోవడం కూడా మనమే గుర్తు చేయాలి, వారికి ఆ అలవాటు లేదు.

ఖర్చు విషయానికి వస్తే, తాళ్ళు, కప్పీలు, మాస్ట్ దించి ఎత్తిన కూలి, టేకు కర్ర అన్నీ కలిపినా దిగుమతి గ్యాస్ స్ప్రింగు కడ్డీ ఒక్కదానికి నన్ను అడిగిన ధరలో మూడో వంతుకు చేరలేదు. అమలాపురం, నరసాపురం వైపు నుంచి వచ్చేవారికి కూడా ఈ ప్రయాణం గిట్టుబాటు అవుతుంది. అయితే కొత్త పడవకు గ్యాస్ స్ప్రింగు కడ్డీ అమర్చుకోవాలనుకునేవారికి ఈ వర్క్‌షాపు సరైన చోటు కాదు. ఆ సామాను తెచ్చి అమ్మినవారి మనుషులే బిగించాలి.

జూన్ 14 దాటాక బోట్లు వేటకు వెళ్ళిపోతాయి, గట్టు ఖాళీ అవుతుంది, వారికి తీరిక దొరుకుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో వెళ్తే అక్టోబరు తుఫానుల లోపు పని ముగుస్తుంది. వెళ్ళేటప్పుడు బూమ్ పొడవు, మాస్ట్ ఎత్తు, గూస్‌నెక్ జరిగేదో స్థిరమైనదో చూసి రాసుకుని వెళ్ళాలి. తెరచాపను కూడా వెంట తీసుకువెళ్ళాలి, ఎందుకంటే వారు బూమ్‌ను దానితో కలిపే తూకం వేస్తారు.